హీరో ఆడిషన్‌కి వెళ్ళినవాళ్ళలోనే విలన్ ఉంటాడా? కొత్త బ్యాట్‌మ్యాన్ మీద అక్కాతమ్ముళ్ళ కబుర్లు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం ఒక్కటే టాపిక్, ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’. 2023 జనవరిలో డీసీ స్టూడియోస్ అధిపతులు జేమ్స్ గన్, పీటర్ సఫ్రాన్ కలిసి డీసీ కామిక్స్ హీరోల కొత్త సినిమాల జాబితా ప్రకటించారు కదా, అందులో ఉన్న బ్యాట్‌మ్యాన్ సినిమా ఇది. రాబర్ట్ ప్యాటిన్సన్ చేసిన బ్యాట్‌మ్యాన్‌కీ దీనికీ సంబంధం లేదు. హీరో వేరు, కథ వేరు. విలన్‌గా ఎవరుండాలంటే, అక్కా, నా ఓటు జోకర్‌కే.

అక్క: జోకర్ వద్దురా. 2008లో హీత్ లెడ్జర్, 2016లో జారెడ్ లెటో, 2019లో వాకీన్ ఫీనిక్స్, 2022లో చివర్లో కాసేపు బ్యారీ కియోగన్. పద్నాలుగేళ్ళలో నలుగురు! అందులో ఇద్దరికి, లెడ్జర్‌కీ ఫీనిక్స్‌కీ, ఆ పాత్రకే ఆస్కార్ వచ్చింది. ఇప్పుడు ఐదో ఆయన ప్రాణం పెట్టి చేసినా మనం ఆ ఇద్దరితో పోల్చడంతోనే సరిపోతుంది. పైగా ఈ కథకి జోకర్ అవసరమే లేదు.

తమ్ముడు: బ్యాట్‌మ్యాన్ కథకి జోకర్ అవసరం లేదంటావేంటి?

అక్క: ఈ కథకి అంటున్నా. ఇది డేమియన్ కథ. బ్రూస్ వేన్‌కి, అంటే మన బ్యాట్‌మ్యాన్‌కి, ఒక కొడుకున్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు. గ్రాంట్ మోరిసన్ రాసిన కామిక్స్‌లో 2006లో వచ్చాడు ఆ పిల్లాడు. తల్లి టాలియా, తాత రాస్ అల్ ఘుల్. హంతకుల ముఠా మధ్య పెంచి, కత్తి పట్టడం నేర్పించి, తీసుకొచ్చి తండ్రికి అప్పగిస్తుంది టాలియా. వాడు వచ్చీ రాగానే ఏం చేశాడో గుర్తుందా?

తమ్ముడు: స్పూక్ అనే విలన్ తల నరికాడు.

అక్క: ఆ... తండ్రి మెచ్చుకుంటాడనుకున్నాడు! పదేళ్ళ పిల్లాడు, తనకి తెలిసిన పద్ధతిలో నాన్న దగ్గర మంచి మార్కులు కొట్టేద్దామనుకున్నాడు. నాకు ఆ పేజీలు చదివినప్పుడు భయం కంటే జాలి ఎక్కువ వేసింది. ఇలాంటి కథలో విలన్ బయటినుంచి రాకూడదు. వాడిని పెంచినవాళ్ళే విలన్లు.

తమ్ముడు: అంటే టాలియా, రాస్. కానీ వాళ్ళనీ చూశాం కదా. 2005లో లియామ్ నీసన్, 2012లో మారియన్ కోటియార్డ్.

అక్క: కోటియార్డ్ టాలియా అని తెలిసేసరికి సినిమా అయిపోవచ్చింది. ఆ తర్వాత ఆవిడకి మిగిలింది కాసేపే. అంత పెద్ద నటి చేత ఒక తల్లి పాత్ర, ఒక కూతురి పాత్ర చేయించుకునే అవకాశం ఆ కథలో లేదు. టాలియాని తెర మీద పూర్తిగా ఇంకా ఎవరూ చూపించలేదని నేను గట్టిగా నమ్ముతాను.

తమ్ముడు: సరే, మరి ఎవరు? పేర్లు చెప్పు.

అక్క: పేర్ల కంటే ముందు ఒక మాట. మనం ఫ్యాన్స్‌మి ఏం చేస్తాం? కామిక్‌లో బొమ్మ చూస్తాం, దానికి దగ్గరగా ఉన్న ముఖాన్ని వెతుకుతాం, ఫోటో ఎడిట్ చేసి పెట్టేస్తాం. దర్శకులు చాలాసార్లు అలా వెతకలేదు. కిలియన్ మర్ఫీ సంగతి తీసుకో. ఆయన ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’కి బ్యాట్‌మ్యాన్ పాత్ర కోసమే స్క్రీన్ టెస్ట్ ఇచ్చాడు. ఆ పాత్ర క్రిస్టియన్ బేల్‌కి వెళ్ళింది. దర్శకుడు నోలన్ మాత్రం మర్ఫీని వదల్లేదు, స్కేర్‌క్రో అనే విలన్ పాత్ర ఇచ్చాడు. ఆ కళ్ళు ఎంత నచ్చాయంటే, క్లోజప్ వచ్చినప్పుడల్లా కళ్ళజోడు తీయించడానికి ఏదో ఒక వంక వెతికేవాణ్ణని ఆయనే చెప్పాడు.

తమ్ముడు: టామ్ హిడిల్‌స్టన్ కూడా అంతే. థోర్ కోసం ఆడిషన్ ఇచ్చాడు. పొడుగాటి బంగారు రంగు జుట్టు, చేతిలో సుత్తి... ఆ వీడియో తర్వాత బయటికొచ్చింది. చివరికి విలన్ లోకీ అయ్యాడు.

అక్క: నికొలస్ హోల్ట్ అయితే రెండుసార్లు. మొదట బ్యాట్‌మ్యాన్‌కి ప్రయత్నించాడు, ప్యాటిన్సన్‌కి వచ్చింది. తర్వాత సూపర్‌మ్యాన్‌కి ప్రయత్నించాడు, డేవిడ్ కొరెన్స్‌వెట్‌కి వచ్చింది. 2025లో అదే సూపర్‌మ్యాన్ సినిమాలో విలన్ లెక్స్ లూథర్‌గా నిలబడ్డాడు. ఆ సినిమాలో లూథర్ కోపం చూశావా? “అందరూ నిన్నే ఎందుకు ప్రేమిస్తారు” అన్న కడుపుమంట అది. ఆ కుర్చీలో తను కూర్చోవాలనుకున్న మనిషికి ఆ మంట ఎంత దగ్గరగా ఉంటుందో!

తమ్ముడు: అంటే హీరో ఆడిషన్‌కి ఎవరెవరు వెళ్ళారని వార్తలొస్తే, విలన్ని ఆ జాబితాలోనే వెతకాలంటావు.

అక్క: ఎప్పుడూ కాదు, కానీ అక్కడ మొదలుపెట్టాలి. ఎందుకంటే విలన్ హీరోకి సరిసమానంగా ఉండాలి. వీడు కూడా హీరో అయ్యుండేవాడే అనిపించాలి. మనకిది తెలియనిది కాదు. ‘లీడర్’లో హీరోగా వచ్చిన రానా భల్లాలదేవుడైతే సింహాసనం వాడిదే అయినా ఆశ్చర్యం లేదనిపించింది కదా. ‘లెజెండ్’లో జగపతిబాబు గారు వచ్చినప్పుడూ అంతే.

తమ్ముడు: నిజమే. కానీ ఒక అభ్యంతరం ఉంది. 2006లో లెడ్జర్‌ని ప్రకటించినప్పుడు ఫ్యాన్స్ ఎంత గొడవ చేశారో తెలుసు కదా. ఆయన జోకరేంటని తిట్టిపోశారు. అలాంటప్పుడు మనం ఊహించడం వల్ల ఏం లాభం?

అక్క: ఊహించడం తప్పు కాదురా, ప్రేమ ఉంది కాబట్టే ఊహిస్తాం. వాళ్ళు తిట్టింది ముఖాన్ని చూసి. ఆయన లోపల ఏం దాగుందో ఎవరూ అడగలేదు. పాల్ డేనో సంగతి చూడు. 2022లో ప్యాటిన్సన్ సినిమాలో ఆయనే విలన్ రిడ్లర్. రిడ్లర్ అంటే ఆకుపచ్చ సూటు, ప్రశ్నార్థకాలు అనుకున్నాం. దర్శకుడు మ్యాట్ రీవ్స్ ఆ పాత్రని అమెరికాలో నిజంగా ఉన్న జోడియాక్ అనే సీరియల్ హంతకుడి ఛాయల్లో రాసుకున్నాడు, మాస్కు వెనక ఊపిరి బిగబట్టి అరిచే మనిషి కావాలనుకున్నాడు. ‘దేర్ విల్ బి బ్లడ్’లో డేనో చర్చిలో అరిచిన సీన్ చూసినవాళ్ళకి ఆ ఎంపిక వింతగా అనిపించదు.

తమ్ముడు: కియోగన్ కూడా రిడ్లర్ కోసం టేపు పంపాడు కదా, టోపీ, చేతికర్ర పట్టుకుని కారిడార్‌లో నడిచొచ్చే టేపు. సరే, ఇక దాటవేయకు. రాస్ ఎవరు?

అక్క: ఘస్సాన్ మసూద్.

తమ్ముడు: సిరియా నటుడు. ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’లో సలాదీన్!

అక్క: ఆయనే. 2005లోనే రెండూ వచ్చాయి చూడు, ఒకదాంట్లో నీసన్ రాస్, ఇంకోదాంట్లో మసూద్ సలాదీన్. ఆ సినిమాలో జెరూసలేం గెలిచాక, నేల మీద పడి ఉన్న శిలువని తీసి బల్ల మీద నిలబెడతాడు. ఒక్క మాట ఉండదు. శత్రువు మీద గౌరవం, గెలిచిన అలసట, రెండూ ఆ చేతుల్లో కనిపిస్తాయి. వందల ఏళ్ళు బతికిన మనిషి అంటే అలా ఉండాలి. కామిక్స్‌లో రాస్ అరబ్ ఎడారుల నుంచి వచ్చినవాడు. 1971 నుంచీ ఉన్న పాత్ర. పెద్ద సినిమాలో ఒక్కసారైనా ఆ నేల నుంచి వచ్చిన నటుడికి ఇవ్వాలని నా కోరిక.

తమ్ముడు: టాలియాకి నేను చెప్తా. మే కలమావి. ‘మూన్ నైట్’ సిరీస్‌లో లైలా. ఫైట్లు చేయగలదు, ఏడిపించగలదు.

అక్క: ఒప్పుకుంటా. నేను వేరే పేరు అనుకున్నా గానీ నీదే బాగుంది. కాకపోతే ఫైట్ల కోసం తీసుకోకూడదు. పిల్లాడికి గాయం అయితే కట్టుకడుతూ, అదే చేత్తో రేపు ఎవరిని చంపాలో చెప్పగలగాలి. వాడు మళ్ళీ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాడేమో, వెళ్ళినా తప్పు లేదేమో అని మనకి టెన్షన్ పుట్టాలి. ఆ టెన్షన్ లేకపోతే ఎంతమంది నింజాలని దింపినా దండగే.

తమ్ముడు: మోరిసన్ కథ చివరి దాకా వెళ్తారంటావా? హెరెటిక్ దాకా? కామిక్ చదవనివాళ్ళు ఒక్క నిమిషం ముందుకి జరపండి.

అక్క: 2013లో ఆ సంచిక. టాలియా తన కొడుకునే క్లోన్ చేసి పెద్దవాణ్ణి తయారుచేస్తుంది, వాడే హెరెటిక్, వాడి చేతిలో డేమియన్ చనిపోతాడు. మొదటి సినిమాలో అది వద్దు. ముందు ఆ పిల్లాడిని మనం ప్రేమించాలి కదా. కానీ డేమియన్‌గా ఎవరిని తీసుకున్నా, పెద్దయ్యాక వీడు ఎలా ఉంటాడు అన్న ప్రశ్న వేసుకుని తీసుకోవాలి.

తమ్ముడు: నా జోకర్‌ని పూర్తిగా తీసేశావుగా.

అక్క: మూడో సినిమాకి దాచుకో. నాకు మాత్రం ఈ సినిమాలో ఒక్క సీన్ కావాలి. టాలియా, డేమియన్ ఇద్దరే గదిలో ఉండాలి, బ్యాట్‌మ్యాన్ ఉండకూడదు. ఫైట్ వద్దు, మ్యూజిక్ వద్దు. అమ్మ రమ్మంటుంది, వాడు జవాబు చెప్పాలి.

తమ్ముడు: శ్రోతలూ, మీ రాస్, మీ టాలియా ఎవరో పంపండి. పేరొక్కటే రాస్తే చదవం. ఆ నటుణ్ణి ఏ సినిమాలో, ఏ సీన్‌లో చూసి అనుకున్నారో కూడా రాయండి, వచ్చే వారం వాటి మీదే మాట్లాడుకుందాం.