టెరిటోరియల్ ఆర్మీ జవాను ఇంటికి వచ్చేశాడంటే ఉద్యోగం పోయినట్లు కాదు

నమస్కారం. టెరిటోరియల్ ఆర్మీలో ప్రాథమిక శిక్షణ ముగించుకొని తిరుపతికో, చిత్తూరుకో వచ్చిన యువకుణ్ణి "ఏం నాయనా, మిలిటరీ వాళ్లు వద్దని పంపించేసినారా?" అని అడిగేవారు ఇంకా ఉన్నారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. వేరే జీవనోపాధి ఉన్నవారినే చేర్చుకొని, శిక్షణ ఇచ్చి, తిరిగి వారి వృత్తికి పంపి, అవసరమైనప్పుడు పిలిపించుకోవడమే ఈ సైన్యం పద్ధతి. 1949 అక్టోబరు 9న రాజాజీ ప్రారంభించిన ఈ సైన్యం 1962, 1965, 1971 యుద్ధాలలో సేవలందించింది.

మన తోతాపురి మామిడి తోటనే తీసుకోండి. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరే కోత రోజులే అందరికీ కనబడతాయి. దుక్కి, నీరు, కొమ్మల కత్తిరింపు, పూతకు మందు కొట్టడం మిగిలిన నెలల్లో జరిగిపోతాయి. పదాతి బెటాలియన్లలో ఏటా సుమారు రెండు నెలలు సాగే శిక్షణ శిబిరం ఆ కోత లాంటిది. కొత్త జవానుకు కష్టమంతా తక్కిన పది నెలల తోటపనిలోనే ఉంటుంది.

ఈల వినగానే లేచిన శరీరం, ఇంట్లో ఆజ్ఞాపించేవారు లేకపోయేసరికి పొద్దెక్కేదాకా పడుకోవడం మరుగుతుంది. తిరుపతివారికి అలిపిరి మెట్లున్నాయి. సుమారు 3,550 మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతున్నామా అని అప్పుడప్పుడూ చూసుకోవడం నా దృష్టిలో మంచి పరీక్ష. బూట్ల సంగతీ అంతే. అటక మీద పడేసిన తోలు బూట్లు వానాకాలానికి బూజుపట్టి బిగుసుకుపోతాయి. వాటితో శిబిరానికి వెళితే మొదటి కవాతులోనే మడమ ఒరుసుకొని పొక్కుతుంది. నీరు కట్టని తోటకు పిందె నిలవదు కదా, అందుకని వారానికి రెండు రోజులైనా వాటిని తొడుక్కొని నడవాలి.

యజమానితో ముందే మాట్లాడండి. సైనిక సేవకు పిలుపు అందుకొని వెళ్లినవారిని తిరిగి పనిలోకి తీసుకునే బాధ్యతను 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం యజమానిపై ఉంచింది.

సమయం తక్కువగా ఉంది గనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. విధుల్లో ఉన్న కాలానికే సైనిక వేతనం వస్తుంది కాబట్టి ఇంటి ఖర్చును మీ వృత్తి మీదే లెక్కవేసుకోండి. సొంత పనులకు యూనిఫాం వేసుకొని తిరగకండి. ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా వెంటనే మీ యూనిట్‌కు తెలియజేయండి. పిలుపు వచ్చేది ఆ చిరునామాకే.