విగ్రహం మనిషి, మా అత్త ఆల్బమ్: పాత పార్కు ఫోటోలను కాపాడుకునే పద్ధతి

నమస్కారం. పనిలోకి దిగే ముందు ఈ ఫోటో ఒక్క నిమిషం చూడండి.

[తెరపై: కొంచెం ఎర్రబారిన పోస్టుకార్డు సైజు ఫోటో]

తలపాగా, బుగ్గల మీదికి పాకిన మీసాలు, రాజుల కాలం నాటి ద్వారపాలకుడి వేషం. ఆయన చుట్టూ పదకొండు మంది ఆడపిల్లలు. ఒక పిల్ల నాలుక బయటపెట్టింది. ఇంకో పిల్ల కళ్లు మెల్ల చేసింది. వెనక ఉన్న పిల్ల ఎగిరిందేమో, రెండు జడలూ గాలిలో ఉన్నాయి. ఆయన మాత్రం చెక్కిన రాయి. మద్రాసుకు స్కూలు విహారయాత్ర వెళ్లివచ్చిన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఈయన ఎవరో చెప్పనక్కరలేదు. మద్రాసు దగ్గరి వీజీపీ గోల్డెన్ బీచ్ పార్కులో విగ్రహంలా నిలబడే మనిషి. నవ్వించినవాళ్లకు బహుమతి ఇస్తారని బస్సులోనే చెప్పుకునేవాళ్లు. మా ఊరి పిల్లలెవరికీ ఆ బహుమతి రాలేదు.

మాది కావలి. ఈ ఆల్బమ్ మా మేనత్తది. ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. 1996లో నలభై మంది పిల్లలను బస్సెక్కించి, అరువు తెచ్చిన కెమెరాతో, ఒకే ఒక్క రీలుతో వెళ్లారు. ముప్పయి ఆరు ఫోటోల రీలు. ఈ కాలం పిల్లలు భోజనానికి కూర్చుని అన్ని ఫోటోలు తీస్తారు. అత్తకు రోజంతటికీ అవే.

అంతకు ముందు ఫోటోలు మా ఇంట్లో దాదాపు లేవు. 1989 నవంబరులో తుపాను మా కావలి దగ్గరే తీరం దాటింది. ఇంట్లోకి వాన వచ్చింది, ట్రంకు పెట్టె తడిసింది, అందులోని ఆల్బములన్నీ అట్టముక్కలయ్యాయి. అందుకే మిగిలిన ఒక్క ఆల్బమ్ జోలికి వెళ్లడానికి నాకు నిజంగా భయం వేసింది. ఆ భయంతో నేర్చుకున్నదే ఈ రోజు చూపిస్తున్నాను.

సరే, ఆల్బమ్ తెరుద్దాం. ఇది జిగురు గీతలున్న అట్ట, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉన్న రకం. తొంభైలలో పెళ్లిళ్లకు బహుమతిగా వచ్చేది ఇదే. కొత్తలో ఎంతో సుఖం. ఫోటో పెట్టి, పొర మూసి, చేత్తో రుద్దితే అయిపోయేది. ఇప్పుడు ఆ జిగురు పసుపు రంగుకు తిరిగి, ఫోటో వీపును పట్టుకుని వదలదు. ఆల్బములలో నాకు నచ్చనిది ఏదైనా ఉందంటే ఇదే.

మొదటి జాగ్రత్త. ఫోటోను మూల పట్టుకుని లాగకండి. వంగితే పైపొర పగులుతుంది, ఆ తెల్లటి గీత ఇక పోదు. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారం మందుల షాపులో దొరుకుతుంది. మైనం పూయనిది తీసుకోండి. ఒక మూర దారం తెంపి, రెండు చివరలూ వేళ్లకు చుట్టుకుని, ఫోటో మూల కిందికి దూర్చి, అట్టకు ఆనించి రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ ఆడించండి. ఇదిగో, చూస్తున్నారా? దారం జిగురును కోసుకుంటూ పోతోంది, ఫోటో కదలడం లేదు. కదలాల్సింది దారమే. ఈ ఒక్క ఫోటోకు నాకు ఆరేడు నిమిషాలు పట్టింది. తొందరున్న రోజు ఈ పని పెట్టుకోకండి.

ప్లాస్టిక్ పొరే ఫోటో ముఖానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం ఆగిపోండి. ఫోటో మీద ఉండేది జెలటిన్ పొర. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన పదార్థం. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే దేన్ని తాకి ఉందో దాన్నే పట్టుకుంటుంది. బూజుకు అది భోజనం. సముద్రం పక్కన ఉండే మన ఊళ్లలో ఆ బూజుకు ఏడాది పొడవునా పండగే. అందుకని అతుక్కున్న పొరను పీకకండి, పొర మీదుగానే ఫోటో తీసుకోండి. మా ఆల్బములో ఇలాంటివి రెండున్నాయి. వాటిని పేజీలోనే వదిలేశాను.

తడిగుడ్డ వద్దు. నోటితో ఊదడం అసలే వద్దు, తుంపరలు పడతాయి. మెత్తటి కుంచెతో ఒకే దిక్కుకు దులపండి, చాలు.

ఇక కాపీ తీయడం. స్కానర్ ఉంటే 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టండి. నాలుగంగుళాలు, ఆరంగుళాలు ఉన్న ఫోటో అప్పుడు 2400, 3600 పిక్సెళ్ల బొమ్మ అవుతుంది. అదే సైజులో మళ్లీ ముద్రించుకోవడానికి 300 చాలు. 600 ఉంటే రెట్టింపు పెద్దది చేసినా చెదరదు. 1200 పెట్టమని కొందరంటారు. మామూలు స్టూడియో ప్రింటులో అంత వివరం ఉండదు, ఫైలు లావవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

స్కానర్ లేనివాళ్లకు నా ఉపాయం. ప్లాస్టిక్ స్టూలు. నవ్వకండి. స్టూలు పైభాగంలో వేలు దూర్చి ఎత్తడానికి గుండ్రటి రంధ్రం ఉంటుంది కదా, ఫోను కెమెరా ఆ రంధ్రం మీదికి వచ్చేలా ఫోనును పడుకోబెట్టండి. తెర పైకి, కెమెరా కిందికి. స్టూలు కింద నల్లగుడ్డ పరిచి దాని మీద ఫోటో. చేయి వణకదు, ఫోను వంగదు. కిటికీ పక్కన పెట్టుకోండి, ఎండ నేరుగా పడకూడదు. ఉత్తరం కిటికీ ఉంటే అంతకంటే కావలసింది లేదు. ఫ్లాష్ ఆపేయండి. రెండు రెట్లు దగ్గరకు చూపే కటకం ఉంటే దాన్నే వాడండి, అంచులు వంకర పోవు. రెండు సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేయండి. మెరిసే కాగితమైతే మీ చొక్కా రంగు కూడా అందులో ప్రతిఫలిస్తుంది, ముదురు రంగు వేసుకోండి. మొదటి రోజు తెల్ల బనీనుతో కూర్చుని పది ఫోటోలు పాడుచేశాను.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఫోటో తీసేటప్పుడు అంచుల బయట కొంచెం నల్లగుడ్డ కూడా కనబడనివ్వండి. ముఖాల వరకు కత్తిరించకండి. ఎందుకో ఈ ఫోటోతోనే చెబుతాను.

[తెరపై: ఫోటో వెనకవైపు, నీలి సిరా రాత]

వెనక అత్త రాసింది చదువుతున్నాను: "కిష్కింధ, మద్రాసు." కిష్కింత అనేది తాంబరం దగ్గర 1995లో తెరిచిన పార్కు. మన దేశంలో మొదటి త్రీడీ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్ కట్టించారు. తమిళంలో కిష్కింత, మనకేమో రామాయణం అలవాటు కనుక కిష్కింధ. ఆ ఏడాది పిల్లలందరి నోటా అదే పేరు. కానీ నాకు అనుమానం. విగ్రహం మనిషి ఉండేది వీజీపీలో కదా?

అత్తను అడిగాను. "కిష్కింధే అబ్బయ్యా, నా చేత్తో నేనే రాశాను. నేను అబద్ధం రాస్తానా?" అన్నారు.

అప్పుడు ఈ కుడి అంచు చూపించాను. దగ్గరకు తెస్తున్నాను, మీరూ చూడండి. ఆ పిల్ల మోచేతి వెనక, గోరంత మేర, సరుగుడు చెట్టు కొమ్మ, దాని కింద ఇసుక, ఇసుక చివర ఒక బూడిదరంగు గీత. అది సముద్రం. తాంబరం దగ్గర సముద్రం లేదు. వీజీపీ ఉన్న ఇంజంబాక్కం సముద్రం ఒడ్డునే. ఇంకొకటి. పిల్లల నీడలు ఆ గీత వైపు సాగి ఉన్నాయి. మన తుమ్మలపెంట తీరంలో లాగే అక్కడా సముద్రం తూర్పున. నీడ తూర్పుకు పడిందంటే పొద్దు పడమటికి వాలిందన్నమాట. అంటే ఇది వీజీపీ, మధ్యాహ్నం దాటాక తీసినది.

అత్త కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "పిల్లలకు కిష్కింధ చూపిస్తానని చెప్పి బయలుదేరదీశాను. పొద్దు చాలలేదు. ఇంటికొచ్చాక వెనక అదే రాసేశాను" అన్నారు.

స్టూడియోవాడు చేసినట్టు ముఖాలు మాత్రం ఉంచి అంచు కోసేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. కనుక అంచులు ఉంచండి. వెనకవైపు రాత కూడా ఒక ఫోటో తీయండి, తప్పు రాసినా సరే.

రంగుల విషయానికి వద్దాం. రంగుల ఫోటోలో మూడు రంగుల పొరలుంటాయి: ఆకుపచ్చ కలిసిన నీలం, గులాబీ, పసుపు. అన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు. డెబ్బైలు, ఎనభైల నాటి కాగితం మీద పెట్టెలో దాచినా సరే నీలిపొర ముందుగా బలహీనపడుతుంది. మిగిలిన రెండూ కలిసి ముఖాలను ఎర్రగా చూపిస్తాయి. తొంభైల కాగితం కొంత మేలు. సరిచేయడానికి ఫోనులోనే వీలుంది. రంగుల వెచ్చదనం తగ్గించే మీట మెల్లగా చల్లటి వైపు జరపండి. ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది? ఫోటోలో తప్పకుండా తెల్లగా ఉండాల్సిన వస్తువు ఒకటి వెతుక్కోండి. ఇక్కడ పిల్లల యూనిఫారం జాకెట్లు. అవి తెల్లబడగానే ఆగిపోండి. ఇంకా జరిపితే సముద్రం బాగుంటుంది, పిల్లలు జబ్బుపడ్డట్టు ఉంటారు.

ఒక బటను నొక్కితే పాత ఫోటోను కొత్తదిగా చేసే యాప్‌లు ఉన్నాయి. నేనూ ఒకటి ప్రయత్నించాను. నాలుక బయటపెట్టిన పిల్లకు చక్కటి పలువరుస అమర్చింది. విగ్రహం మనిషి పెదవుల చివర చిన్న నవ్వు పూసింది! ఇన్నేళ్లుగా జనమంతా కలిసి చేయలేని పని అర నిమిషంలో చేసేసింది. ఆ ఫైలు వెంటనే చెరిపేశాను. మీరు వాడదలిస్తే వాడుకోండి, అసలు కాపీని మాత్రం వేరే ఫోల్డరులో ముట్టుకోకుండా ఉంచండి.

ఇక నెగెటివులు, అంటే రంగులు తిరగబడి కనిపించే అసలు ఫిల్ము ముక్కలు. ఆల్బమ్ చివరి అట్టలో అవి పెట్టిన స్టూడియో కవరు ఉంటుంది, చాలామంది దాన్ని చించి పారేస్తారు. పారేయకండి. ప్రింటు కంటే నెగెటివులోనే ఎక్కువ వివరం ఉంటుంది. ప్రింటులో కోసేసిన అంచు కూడా అందులో ఉంటుంది. అంచున పట్టుకోండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. ఇంకో ఫోను తెర మీద ఖాళీ తెల్లబొమ్మ తెరిచి వెలుతురు పూర్తిగా పెంచండి. నెగెటివును నేరుగా తెర మీద పెడితే తెర చుక్కలు కూడా పడతాయి. రెండు వైపులా అగ్గిపెట్టెలు పెట్టి వాటి మీద ఆనించండి. పైన స్టూలు, స్టూలు మీద ఫోను. తీసిన బొమ్మను ఫోటో యాప్‌లో రంగులు తిరగేస్తే చాలు, నెగెటివు ఫోటో అవుతుంది. మొదట నీలంగా వస్తుంది, ఫిల్ముకు ఉండే నారింజ రంగు వల్ల. ఇందాకటి మీటే ఈసారి వెచ్చటి వైపు జరపండి.

అంచున ఈ చిన్న అంకెలు చూడండి. 7, 7ఏ, 8, 8ఏ. రీలు తిరిగిన వరుస ఇది. ఆల్బములో అత్త ఫోటోలను తనకు నచ్చినట్టు పెట్టారు. ఈ అంకెల వరుసలో పెడితే ఆ రోజంతా దానంతట అదే సర్దుకుంది. తెల్లవారుజామున బస్సు ముందు నిద్రముఖాలు, సూళ్లూరుపేటలో ఇడ్లీ, తరువాత పార్కు. ఫైళ్లకు పేర్లు కూడా అలాగే పెట్టాను: ముందు సంవత్సరం, తరువాత నెగెటివు అంకె, తరువాత ఊరు. ప్రింటు వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున, తేలిగ్గా. బాల్‌పెన్ను నొక్కితే గాడి ముందువైపుకు తేలుతుంది.

దాచడం గురించి రెండే మాటలు. అటక మీద వేడి, నేల మీద తేమ, రెండూ వద్దు. కాగితపు కవర్లలో పెట్టి, బీరువా మధ్య అరలో, తేమ పీల్చే పొట్లం ఒకటి వేసి ఉంచండి. ఫైళ్లు మూడు చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండే బంధువుల దగ్గర. తుపాను చూసినవాణ్ణి, ఈ మాట వినండి.

చివరగా ఇది. 24ఏ.

[తెరపై: నెగెటివు ముక్క, తరువాత తిరగేసిన బొమ్మ]

ఈ అంకెకు ఆల్బములో ప్రింటు లేదు. "బాగా వచ్చినవే కడగండి" అని అత్త స్టూడియోలో చెప్పి వచ్చారట, ఒక్కో ప్రింటుకూ డబ్బే కదా. ఇది బాగా రాలేదు. సాయంత్రం వెలుతురు తగ్గితే షట్టరు, అంటే ఫిల్ము మీదికి వెలుతురును వదిలే తలుపు, కాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, ఆ లోపల కదిలినదల్లా చెదిరిపోతుంది. విగ్రహం మనిషి మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆయన ముందు చీరకొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ చెవుల దగ్గర ఆడిస్తూ ఎవరో ఉన్నారు. చేతులు లేవు, మసక మాత్రమే ఉంది. ముఖం సగం చెరిగింది.

రోజంతా కెమెరా అత్త చేతిలోనే ఉంది. అందుకే మిగతా ముప్పయి అయిదింటిలో ఆవిడ ఎక్కడా లేరు. ఇదొక్కటి ఏ పిల్లో తీసినట్టుంది.

టీవీ తెర మీద పెద్దదిగా చూపించాను. అత్త చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పిల్లలందరూ బస్సెక్కాక వెనక్కి వెళ్లాను. నవ్వుతాడేమోనని" అన్నారు.

"నవ్వాడా?"

"లేదు. ఇదొకటి కడిగించి పెట్టు. అంచులు కోయొద్దని చెప్పు."