గడియారం పక్కన బొమ్మ ఎందుకు మాయమవుతుంది?

అందరికీ నమస్కారమండి.

పర్లాకిమిడిలో అప్లికేషన్లు నింపే కొట్టయినా, డీటీపీ కొట్టయినా ఒకే కంప్యూటరు మీద ఒడియా ఫారం, తెలుగు శుభలేఖ, ఇంగ్లీషు మెయిలు నడవాలి. కీబోర్డు ఇప్పుడు ఏ భాషలో ఉందో చెప్పే ఆ చిన్న బొమ్మ మనకు అలంకారం కాదు. లైనక్స్‌లో అది కనబడకపోతే సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని మళ్లీ ఎక్కిస్తారు. చాలాసార్లు పాడైందేమీ ఉండదు. ప్రోగ్రాం ఒక పద్ధతిలో చెబుతుంది, ప్యానెల్ (తెర అంచున గడియారం ఉండే పట్టీ) ఇంకో పద్ధతిలో వింటుంది, అంతే.

పాత పద్ధతి పేరు ఎక్స్‌ఎంబెడ్. ప్రోగ్రాం ఓ బుల్లి కిటికీ తయారుచేస్తే ప్యానెల్ దాన్ని తన ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. తెర మీద కిటికీలు చూపే పాత వ్యవస్థ ఎక్స్11లో ఆ హక్కు ఒక సమయంలో ఒక్క ట్రేకే (ప్యానెల్‌లో ఈ బొమ్మలుండే చోటు). రెండో ప్యానెల్‌లో ఇంకో ట్రే పెడితే పాత రకం బొమ్మలు దానిలోకి రావు. కొత్త పద్ధతి స్టేటస్‌నోటిఫయర్‌ఐటెమ్. కేడీఈ అనే డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్లు మొదలుపెట్టారు, లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 2010లో యాప్‌ఇండికేటర్ పేరుతో అందుకుంది. ఇందులో కిటికీ ఉండదు. బొమ్మ పేరు, మెనూ డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద వస్తాయి, గీసే పని ప్యానెల్‌దే. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్‌లో దారి ఇదే.

గ్నోమ్ అనే డెస్క్‌టాప్ సంగతి వేరు. 2017లో, 3.26తో, పాత ట్రేనే తీసేసింది. కొత్త పద్ధతి కూడా సొంతంగా వినదు. యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ (గ్నోమ్‌కు తగిలించే అదనపు ముక్క) కావాలి. ఉబుంటులో అది ముందే ఉంటుంది. డెబియన్, ఫెడోరా అనే వేరే లైనక్స్ రకాల్లో మనమే వేసుకుని, ఒకసారి లాగౌట్ అయి వచ్చి, ఎక్స్‌టెన్షన్స్‌లో ఆన్ చెయ్యాలి. గ్నోమ్ వెర్షన్ మారాక బొమ్మలన్నీ ఒక్కసారే పోతే ముందు అక్కడే చూడండి. ఆ ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్‌కు సరిపడక ఆగిపోయి ఉంటుంది. భాష గుర్తుకు మాత్రం ఈ తంటా లేదు. అది గ్నోమ్ సొంతది. సెట్టింగ్స్‌లో కీబోర్డు కింద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు చేర్చితే రెండక్షరాల గుర్తు వస్తుంది, సూపర్ (విండోస్ గుర్తున్న మీట), స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. ఒక్క భాషే ఉంటే ఆ గుర్తు రాదు, దానికి కంగారు పడక్కర్లేదు.

కేడీఈ వాళ్ల డెస్క్‌టాప్ ప్లాస్మాలో ట్రే బాణం మీద కుడి క్లిక్ చేసి కాన్ఫిగర్‌లోకి వెళ్తే ఒక్కో బొమ్మకు విడిగా చెప్పొచ్చు: అవసరమైనప్పుడే, ఎప్పుడూ కనబడాలి, ఎప్పుడూ దాగాలి. కీబోర్డు, నెట్‌వర్కు ఎప్పుడూ కనబడేవిగా పెట్టండి, క్లిప్‌బోర్డు, బ్లూటూత్ లోపలికి నెట్టండి. బొమ్మను దాచినంత మాత్రాన ప్రోగ్రాం ఆగదు, మెమరీ తింటూనే ఉంటుంది. ఆపాలంటే ఆటోస్టార్ట్‌లో (లాగిన్ అవగానే వాటంతటవే మొదలయ్యేవాటి జాబితా) ఆపాలి.

ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌లో 4.16 నుంచి రెండు పద్ధతులూ ఒకే స్టేటస్ ట్రే ప్లగిన్‌లో కలిశాయి. అంతకు ముందుది వాడుతుంటే రెండు ప్లగిన్లూ పెట్టాలి. కిటికీలను పక్కపక్కన పేర్చే ఐ3 (ఎక్స్11 మీద), స్వే (వేలాండ్ మీద) వాడేవాళ్లకు: ఐ3లో ప్యానెల్ అయిన ఐ3బార్ పాతదే వింటుంది, స్వేలోని స్వేబార్ కొత్తదే వింటుంది. అందుకే ఐ3లో కనబడిన ఎన్ఎం-యాపిలెట్ (నెట్‌వర్కు బొమ్మ చూపే ప్రోగ్రాం) స్వేలో కనబడకపోతే దాని పేరు తర్వాత రెండు అడ్డగీతలు పెట్టి ఇండికేటర్ అని చేర్చి (nm-applet --indicator) నడపాలి.

ఇక లాగిన్ అవగానే ఒకోరోజు వచ్చి ఒకోరోజు రాని బొమ్మ. అది పరుగుపందెం. ట్రే లేవకముందే ప్రోగ్రాం లేచి, చోటు దొరక్క ఊరుకుంటుంది. పాత హార్డ్ డిస్కు మీద ఇది మామూలే. ఆటోస్టార్ట్ ఫోల్డరులో దాని డెస్క్‌టాప్ ఫైలు తెరిచి, ఎక్జెక్ వరుసలో ప్రోగ్రాం పేరుకు ముందు స్లీప్ 8 (ఎనిమిది సెకన్లు ఆగమనే ఆదేశం) వచ్చేలా షెల్ (ఆదేశాలు నడిపే ప్రోగ్రాం) ద్వారా నడపండి. ఎనిమిది చాలకపోతే పదిహేను.

మిగతా సిస్టంతో కలవకుండా విడిగా నడిచే ఫ్లాట్‌పాక్ ప్రోగ్రాములకు ఇంకో తలుపుంది. వాటి అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్‌లో సెషన్ బస్ కింద, మాట్లాడే అనుమతుల్లో కేడీఈ స్టేటస్‌నోటిఫయర్‌వాచర్ ఉండాలి. గ్నోమ్‌లో కూడా ఆ కేడీఈ పేరే, తప్పు కాదు. మార్చాక ఆ ప్రోగ్రాం కిటికీ మూసి మళ్లీ తెరిస్తే చాలదు. బొమ్మ లేకుండానే అది వెనకాల నడుస్తూ ఉంటుంది. సిస్టం మానిటర్‌లో దాన్ని పూర్తిగా ఆపి, అప్పుడు తెరవండి.