చీజ్ అంటే జున్ను కాదండీ
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం 'పాల పదార్థాలు, పోషణ'. దానికీ వస్తాను. ముందు నా మనసులో ఎన్నో ఏళ్ళుగా ఉన్న మాట ఒకటి చెప్పనివ్వండి. గ్రంథాలయంలో కాకపోతే ఇంకెక్కడ చెప్పుకోను?

చీజ్ అంటే జున్ను కాదు.

నిఘంటువు తీస్తే చీజ్‌కి ఎదురుగా జున్ను అనే ఉంటుంది. పిల్లల బొమ్మల పుస్తకంలో ఎలుక పక్కన చిల్లులున్న పసుప్పచ్చ ముక్క ఉంటే, దాని కిందా జున్నే. ఒకప్పుడు ఒక పత్రికకి చీజ్‌కేక్ తయారీ రాసిచ్చాను. నేను 'క్రీమ్ చీజ్' అని రాస్తే అచ్చులో 'మీగడ జున్ను' అయి కూర్చుంది. కొన్నాళ్ళకి ఒక అమ్మాయి కార్డు రాసింది. పక్కింటి గేదె ఈనితే జున్నుపాలు అడిగి తెచ్చుకుందట. జున్ను వండి, మీగడ కలిపి, కేకు చేసిందట. అంతా పొడిపొడిగా విరిగిపోయింది. 'దూడ తాగాల్సిన పాలు పాడు చేశాను సార్, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి' అని అడిగింది. ఆ పిల్ల తప్పేముందండీ? తప్పు మాటది. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నేను డెయిరీ ల్యాబులో పనిచేసినవాణ్ణి. తెల్లవారకముందే క్యాన్లు దిగేవి. ఒక్కో క్యాన్‌లోంచి 5 మిల్లీలీటర్ల పాలు టెస్ట్‌ట్యూబులో తీసుకుని, మరిగే నీళ్ళలో 5 నిమిషాలు ఉంచి, వంచి చూసేవాళ్ళం. గాజు గోడకి రవ్వలా పలుకులు అంటుకున్నాయా, ఆ క్యాన్ వెనక్కే. పుల్లబడ్డ పాలైనా అలా పలుకులు కడతాయి, కొత్తగా ఈనిన గేదె పాలైనా కడతాయి. మన ఆహార నిబంధనల్లో పాలంటేనే జున్నుపాలు కలవనివి అని ఉంది. జున్నుపాలు చీజ్ తయారీ దాకా వచ్చే ప్రశ్నే లేదు.

ఎందుకంటారా? జున్నుపాలలో దూడకి రోగాలు రాకుండా కాపాడే ప్రోటీన్లు మామూలు పాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బెల్లం, మిరియాలపొడి వేసి ఆవిరి మీద పెడితే అవి కోడిగుడ్డు సొనలా గట్టిపడతాయి. జున్నుకి వేడి చాలు, తోడు అక్కర్లేదు. చీజ్‌లో గడ్డకట్టేది కేసీన్ అనే వేరే ప్రోటీన్. దానికి పులుపో, పాలని గడ్డకట్టించే రెన్నెట్ అనే పదార్థమో కావాలి. జున్నుని నిలబెట్టే ప్రోటీన్లు చీజ్‌లో చాలావరకు తేటనీళ్ళతో బయటికి పోతాయి.

ఇక క్రీమ్ చీజ్. ఇది పుట్టింది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ అనే చిన్న ఊళ్ళో, 1870లలో. విలియం లారెన్స్ అనే పాల వ్యాపారి ఫ్రాన్స్‌లోని నార్మండీ వాళ్ళ నెఫ్‌షాటెల్ తరహా మెత్తటి చీజ్ చేస్తూ, దాన్లో అదనంగా మీగడ కలిపాడు. 1880లో ఒక న్యూయార్క్ వర్తకుడు దానికి 'ఫిలడెల్ఫియా' అని పేరు పెట్టి అమ్మాడు. చేసింది ఫిలడెల్ఫియా నగరంలో కాదు. మంచి పాల సరుక్కి అప్పట్లో ఆ ఊరికున్న పేరు అలాంటిది. ఇవాళ అమెరికా నిబంధన ప్రకారం క్రీమ్ చీజ్‌లో కనీసం 33 శాతం పాలకొవ్వు ఉండాలి, తేమ 55 శాతం దాటకూడదు. అంత కొవ్వున్నది కాబట్టి రొట్టె మీద పలచగా రాసుకోండి, గరిటెతో తినకండి. అదే నేను చెప్పాల్సిన పోషణ.

అక్కడివాళ్ళు దాన్ని పొద్దున్నే బేగెల్ అనే, మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె మీద రాసుకుంటారు, చీజ్‌కేక్‌లో వేస్తారు. మన పిల్లలు అక్కడ బ్రెడ్ మీద రాసి, పైన కారప్పొడి చల్లుకుంటున్నారు. చాలా బాగుంటుంది! ఇంట్లో కేకుకి వాడేటప్పుడు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి మెత్తబడనివ్వండి, లేకపోతే ఉండలు కడుతుంది. డీప్ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, నీరు విడిపోయి రవ్వరవ్వగా అవుతుంది.

ఇందాక ఒక పెద్దాయన మెట్ల దగ్గర ఆపి, 'చీజ్‌లో దూడ పొట్టలోది వేస్తారటగా బాబూ?' అని అడిగారు. నిజమేనండీ. రెన్నెట్ పూర్వం పాలుతాగే దూడ నాలుగో కడుపులోంచే తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవులతో తయారయ్యేది కూడా ఉంది. క్రీమ్ చీజ్ ముఖ్యంగా పులుపుతోనే తోడుకుంటుంది, రెన్నెట్ వేసినా చాలా కొద్దిగానే. మన దగ్గర కొనేటప్పుడు డబ్బా మీద శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క చూసుకోండి బాబాయిగారూ.

అయ్యా, పుస్తకాలు రాసేవాళ్ళూ, అనువాదాలు చేసేవాళ్ళూ ఈ సభలో ఉన్నారు. చేతులు జోడించి అడుగుతున్నాను. బ్రెడ్డుని బ్రెడ్డు అంటున్నాం, కేకుని కేకు అంటున్నాం. చీజ్‌ని చీజ్ అనే రాయండి. జున్నుని దాని మానాన ఉండనివ్వండి.

వెనక బల్ల మీద రెండు గిన్నెలు పెట్టించాను. ఒకదాంట్లో క్రీమ్ చీజ్, రెండోదాంట్లో మా వీధి చివర గేదె ఈనితే వండిన జున్ను. దూడ తాగగా మిగిలిన పాలే ఇచ్చారు, కొంచెమే ఉంది. పిల్లల్ని ముందు రానివ్వండి.