ఇనుము పోషించిన ఊరు: స్టయర్

సభకు నమస్కారం.

ఎగువ ఆస్ట్రియాలో ఎన్స్, స్టయర్ నదులు కలిసే చోట స్టయర్ పట్టణం ఉంది. ఊళ్లో ఇనుప గని లేదు. అయినా శతాబ్దాల పాటు ఆ ఊరికి అన్నం పెట్టింది ఇనుమే. దక్షిణాన స్టిరియా కొండల్లోని ఎర్ట్స్‌బెర్గ్‌లో తవ్విన ఖనిజం ఇనుమై ఎన్స్ లోయ గుండా దిగువకు వచ్చేది. 1287లో ఆస్ట్రియా పాలకుడు డ్యూక్ ఒకటో ఆల్బ్రెక్ట్ స్టయర్‌కు ఒక హక్కుపత్రం ఇచ్చాడు. ఆ దారిన వచ్చే ఇనుము, కలప మూడు రోజులు అక్కడ ఆగాలి, ముందుగా ఊరివాళ్లకే అమ్మజూపాలి. ఈనాడు పర్యాటకులు మెచ్చుకునే నగర కూడలి, గోథిక్ శైలి బుమ్మర్ల్‌హౌస్ భవనం, ఇవన్నీ ఆ వర్తకం నిలబెట్టినవే.

సంగీతానికీ ఆ డబ్బే తోడైంది. 1819లో ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ స్టయర్‌కు వచ్చినప్పుడు, గనుల వ్యవహారాలు చూసే సిల్వెస్టర్ పామ్‌గార్ట్‌నర్ అనే సంగీతప్రియుడి కోరిక మీదే ఐదు వాద్యాల కోసం రాసిన ప్రసిద్ధ 'ట్రౌట్ క్వింటెట్' రూపుదిద్దుకుంది.

కానీ నాకు కూడలి కన్నా వేర్‌గ్రాబెన్ ముఖ్యం. స్టయర్ నది నుంచి మళ్లించిన కాలువ అది. దాని గట్టున నీటి చక్రాలు తిరిగేవి, సమ్మెటలు మోగేవి, కత్తులకు సాన పట్టేవారు. జోసెఫ్ వెర్ండ్ల్ తుపాకుల కర్మాగారం పెరిగింది కూడా ఈ నీటి బలంతోనే. అమెరికాలో యంత్రాలతో ఆయుధాలు తయారుచేసే పద్ధతిని చూసి వచ్చి, 1864లో సోదరుడితో కలిసి ఆయన సంస్థను స్థాపించాడు. 1884లో నీటితో పుట్టించిన విద్యుత్తుతో స్టయర్ వీధుల్లో దీపాలు వెలిగించాడు. కార్మికుల కోసం ఇళ్లు, ఈత కొలను కట్టించాడు. తరువాత ఆ కర్మాగారం నుంచే సైకిళ్లు, కార్లు వచ్చాయి. ఆయన స్మారక విగ్రహం చుట్టూ కార్మికుల బొమ్మలు కూడా ఉన్నాయి. ఆ శిల్పి చేసిన న్యాయం నాకు ఎంతో నచ్చింది.

ఇదే పరిశ్రమ కథలో ఒక ఘోరం కూడా ఉంది. 1942 నుంచి నాజీల మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి అనుబంధంగా స్టయర్‌లోని మ్యూనిక్‌హోల్ట్స్‌లో ఒక శిబిరం నడిచింది. ఖైదీల చేత యుద్ధ ఉత్పత్తి కోసం వెట్టిచాకిరీ చేయించారు. లాంబెర్గ్ కోట కింద, బాంబుల నుంచి తలదాచుకునేందుకు వాళ్ల చేతే తవ్వించిన సొరంగం ఈనాడు స్మారక ప్రదర్శనశాల. 2013లో దాన్ని ప్రజల కోసం తెరిచారు. దాన్ని మూసివేసి మరిచిపోవడం సులభం. తెరిచి చూపడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యానికి నేను నమస్కరిస్తున్నాను.

వేర్‌గ్రాబెన్ మనకు దక్కడం కూడా తేలికగా జరగలేదు. కర్మాగారాలు అక్కడి నుంచి తరలిపోయాక కాలువను పూడ్చే ఆలోచన వచ్చింది. ఊరి పౌరులు ఎదురు తిరిగి దాన్ని కాపాడుకున్నారు. 1987లో, ఆ గట్టునే ఉన్న పాత కర్మాగార భవనాల్లో శ్రమ ప్రపంచ మ్యూజియం మొదలైంది. కొలిమి దగ్గరా యంత్రం దగ్గరా నిలబడి బతికిన మనుషుల చరిత్రను రాజుల చరిత్రతో సమానంగా నిలిపిన చోటు అది.

మీలో ఎవరైనా ఆస్ట్రియా వెళితే, వియన్నా నుంచి ఒక రోజు మిగిల్చుకుని స్టయర్‌కు వెళ్లండి. కూడలిలో ఫోటోలు తీసుకున్నాక కాలువ గట్టుకు దిగండి, మ్యూజియం చూడండి. ఆ తరువాత సొరంగంలోకి కూడా తప్పక వెళ్లండి.