మాల్‌లోకి తలుపున్న హోటల్

శ్రోతలకు నమస్కారం.

మన రామగుండం, రెంటచింతల ఎండలకు అలవాటుపడ్డ ఒళ్లు కూడా జూలై నెలలో దుబాయ్ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడలేదు. నలభై దాటిన వేడికి సముద్రపు ఉక్క తోడవుతుంది. కళ్లజోడు పెట్టుకుని ఏసీ గదిలోంచి బయటికొస్తే అద్దాలు ఒక్కసారిగా ఆవిరి పట్టి తెల్లబడతాయి. ఆ ఊళ్లో మాల్‌ను ఆనుకుని ఐదు నక్షత్రాల హోటళ్లు కట్టింది ఇందుకే. షోకు సంగతి తరవాత, ముందు నీడ. లిఫ్టు దిగి, ఒక కారిడార్ దాటి, ఒక తలుపు తోస్తే మాల్‌లో ఉంటారు. గది అద్దెలో మీరు అదనంగా కట్టేది ఆ తలుపుకే. అది ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పనికిరాదు అన్నది తెలిస్తే ఇచ్చిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. మన వాళ్లు కొలువులకీ, చుట్టపుచూపుకీ, పండగ కొనుగోళ్లకీ ఎక్కువగా వెళ్లే ఊరు కాబట్టి దుబాయ్ సంగతే మాట్లాడుకుందాం.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. 2005లో తెరిచిన మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌కు అతుక్కుని కెంపిన్‌స్కీ హోటల్ ఉంది. 2008లో తెరిచిన దుబాయ్ మాల్‌కు అతుక్కుని ఉన్నది ఒకప్పుడు అడ్రస్ దుబాయ్ మాల్. ఇప్పుడు దాని పేరు కెంపిన్‌స్కీ సెంట్రల్ అవెన్యూ. ఆ పక్కనే మరో కెంపిన్‌స్కీ, బులవార్డ్ పేరుతో. కాబట్టి విమానాశ్రయంలో టాక్సీ ఎక్కి ‘కెంపిన్‌స్కీ’ అని ఊరుకుంటే డ్రైవరు ఎటు తీసుకెళ్లినా తప్పు అతనిది కాదు. బుకింగ్ కాగితంలో ఉన్న పూర్తి పేరు, మాల్ పేరుతో సహా చూపించండి. ‘మాల్’ అని మాత్రం చెప్పినా చిక్కే. మాల్‌కు గేట్లు చాలా ఉంటాయి, హోటల్ పోర్టికో వేరు. తప్పు గేటు దగ్గర దిగితే పెద్ద పెట్టెలు లాక్కుంటూ దుకాణాల మధ్యనుంచి అర కిలోమీటరు నడక.

ఇక చేరుకోవడం. విమానాశ్రయంలో ఎక్కే టాక్సీ మీటరు 25 దిర్హంల దగ్గర మొదలవుతుంది. మామూలు టాక్సీలో నలుగురే. ఐదుగురైతే వ్యాన్ టాక్సీ అడగాలి. మెట్రో రెడ్ లైన్ ఒకటో టెర్మినల్, మూడో టెర్మినల్ రెండింటినుంచీ బండి మారకుండా ఈ రెండు మాల్‌లకూ వెళుతుంది. రెండో టెర్మినల్‌లో దిగితే అక్కడ మెట్రో స్టేషన్ లేదు. ఆదివారం తెల్లవారుజామున దిగేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఆ రోజు మెట్రో 8 గంటలకు గానీ మొదలవదు. మెట్రో ఎక్కడానికి వాడే నోల్ కార్డు మనిషికొకటి ఉండాలి, ఒకే కార్డుతో నలుగురు పోవడం కుదరదు. సామాను మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చిన్న సంచి. బోగీలో చాక్లెట్ నమిలినా, నీళ్లు తాగినా 100 దిర్హంల జరిమానా. పిల్లలతో ఉన్నవాళ్లు స్టేషన్‌లోకి వెళ్లకముందే తినడం, తాగడం కానిచ్చేయాలి.

మెట్రోలో వచ్చేవాళ్లకు ఈ రెండు మాల్‌ల మధ్య ఒక తేడా ఉంది, దాన్ని హోటళ్ల ప్రకటనలు చెప్పవు. బుర్జ్ ఖలీఫా స్టేషన్‌నుంచి దుబాయ్ మాల్‌కు వేసిన గాజు వంతెన పొడవు దాదాపు 820 మీటర్లు. ఏసీ ఉంది, నిలబడితే ముందుకు తీసుకెళ్లే కదిలే నడకదారులున్నాయి, అయినా అది 820 మీటర్లే. మాల్ చేరాక హోటల్‌కు మళ్లీ నడక. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ స్టేషన్‌నుంచి వంతెన చాలా చిన్నది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే, మెట్రోలోనే తిరగాలనుకుంటే, ఈ రెండోదే మేలు. బుర్జ్ ఖలీఫా, ఫౌంటెన్ రోజూ చూడాలనుకుంటే మొదటిది.

ఇప్పుడు బిల్లు. చాలామంది రిసెప్షన్ దగ్గర గొడవపడేది దీని మీదే. వెబ్‌సైట్‌లో కనిపించే గది అద్దె 1,000 దిర్హంలు అనుకోండి. దాని మీద సర్వీస్ ఛార్జి 10 శాతం, అంటే 100. మునిసిపాలిటీ రుసుము 7 శాతం, 70. ఆపైన వ్యాట్ 5 శాతం, సర్వీస్ ఛార్జిని కూడా కలుపుకుని 55. ఇవన్నీ కాక టూరిజం దిర్హం అనేది వేరే ఉంది. 2014లో పెట్టారు. ఐదు నక్షత్రాల హోటల్లో గదికి రాత్రికి 20 దిర్హంలు. మొత్తం 1,245. బుకింగ్ సైట్లు కొన్ని మొదటి మూడింటినీ కలిపి చూపిస్తాయి, కొన్ని చూపించవు. టూరిజం దిర్హం మాత్రం ముందే డబ్బంతా కట్టేసినవాళ్లనుంచి కూడా సాధారణంగా హోటల్లోనే వసూలు చేస్తారు. ‘అంతా కట్టాం కదా’ అని వాదించి లాభం లేదు. అది ప్రభుత్వానిది. రెండు గదులు, ఐదు రాత్రులు అయితే 200 దిర్హంలు దానికని పక్కన పెట్టుకోండి. దిర్హం విలువ డాలరుకు కట్టేసి ఉంటుంది, డాలరుకు 3.67 దిర్హంలు. అందుచేత డాలరు పెరిగినప్పుడల్లా మన రూపాయల్లో గది అద్దె కూడా పెరుగుతుంది.

గది ఇచ్చేముందు కార్డు అడుగుతారు. అది డిపాజిట్ కోసం. రాత్రికింత అని లెక్కగట్టి ఆ సొమ్మును కార్డులో ఆపి ఉంచుతారు. ఇక్కడ క్రెడిట్ కార్డే ఇవ్వాలి. క్రెడిట్ కార్డైతే పరిమితిలో ఆ మేరకు తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలోంచి నిజంగానే డబ్బు పోతుంది. గది ఖాళీ చేసిన రోజున హోటల్ వాళ్లు వదిలేసినా, బ్యాంకుల మధ్య తిరిగి మీ ఖాతాకు చేరేసరికి వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. షాపింగ్ కోసం దాచుకున్న డబ్బు అలా చిక్కుకుపోయి, మూడో రోజున మాల్‌లో కార్డు గీకితే ‘డిక్లైన్డ్’ అని వస్తుంది. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి. ఓటీపీలు వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి.

కార్డు గీకే మిషన్ మీ కార్డు భారతదేశానిదని గుర్తుపట్టగానే ఒక ప్రశ్న వేస్తుంది: రూపాయల్లో కడతారా, దిర్హంల్లోనా? రూపాయలు చూడగానే మనకు ప్రాణం లేచొస్తుంది. కానీ నొక్కాల్సింది దిర్హంలే. రూపాయలు నొక్కితే మారకపు రేటును అక్కడి మిషన్ వాళ్లు తమకు నచ్చినట్టు వేసుకుంటారు. దిర్హంలు నొక్కితే మీ బ్యాంకు వేసే రేటు, దాని మీద కార్డును బట్టి మూడు, మూడున్నర శాతం దాకా అదనం, ఆ అదనం మీద జీఎస్టీ. అదీ తక్కువేం కాదు, కానీ మొదటిదానికంటే సాధారణంగా నయం. కొన్నిచోట్ల సేల్స్ అబ్బాయే మిమ్మల్ని అడక్కుండా రూపాయలు నొక్కేస్తాడు. రసీదులో రూపాయల మొత్తం కనిపిస్తే అక్కడికక్కడే రద్దు చేయించి మళ్లీ గీకించుకోండి.

గది ఎంపికలో ఒక విచిత్రం ఉంది. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ లోపల స్కీ దుబాయ్ ఉంది కదా, 22,500 చదరపు మీటర్ల మంచు, 400 మీటర్ల పొడవైన జారుడు. అక్కడి కెంపిన్‌స్కీలో కొన్ని గదుల కిటికీలు నేరుగా ఆ మంచులోకి చూస్తాయి. బయట నలభై పైన, అద్దానికి అవతల సున్నాకు దిగువ. పిల్లలకు అది పండగే. అయితే ఆ కిటికీలోంచి సూర్యుడు కనబడడు, మంచు మీది దీపాల వెలుగే. పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగే అలవాటున్నవాళ్లు ఈ గదికి అంత డబ్బు పెట్టకపోవడం మంచిది. అలాగే దుబాయ్ మాల్ వైపు ‘బుర్జ్ వ్యూ’ గది అంటే ఎక్కువ రేటు. రాత్రి పదికి గానీ గదికి చేరనివాళ్లకు ఆ వ్యూ వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఫౌంటెన్‌ను కింద గట్టు మీద నిలబడి ఊరికే చూడొచ్చు.

ప్లగ్గుల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. అక్కడి సాకెట్లు బ్రిటిష్ తరహా, మూడు చదరపు పిన్నులు. మన గుండ్రటి పిన్నులు పట్టవు. రిసెప్షన్‌కు ఫోన్ చేసి అడాప్టర్ అడిగితే చాలా హోటళ్లు వాడుకుని తిరిగివ్వమని ఇస్తాయి. ఒకటే ఇస్తారు కాబట్టి ఇంటినుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్తే నలుగురి ఫోన్లూ ఛార్జ్ అవుతాయి. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లే వాళ్లు మనలో తక్కువేం కాదు. గదిలో వంట నిషేధం, పొగకు అలారం మోగుతుంది. ఇక పెట్టెలో సర్దుకునే పొడుల విషయం: గసగసాలు అక్కడ మత్తుపదార్థం కింద లెక్క, తీసుకెళ్లడం నేరం. గరం మసాలాలో కాసిని కలిసినా తంటానే. ఇంట్లో పట్టించిన మసాలా పొడి ఇంట్లోనే వదిలేయండి. పచ్చళ్లు మాత్రం గట్టిగా సీలు వేయించి, చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి.

తలుపు దగ్గరికి మళ్లీ వద్దాం. మాల్ దుకాణాలు ఉదయం 10కి తెరుస్తారు. దుబాయ్ మాల్ రాత్రి 12 దాకా ఉంటుంది. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో వారం మధ్యలో కాస్త ముందే మూసేస్తారు, వారాంతంలో పొడిగిస్తారు. రంజాన్ నెలలో వేళలు మారతాయి. దుకాణాలు మూసిన తర్వాత ఆ దారి ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో, ఏ అంతస్తులో లిఫ్టు ఎక్కాలో, గది కార్డు కావాలో మొదటి రోజే రిసెప్షన్‌లో అడగండి. సినిమా రెండో ఆట చూసి వచ్చేసరికి తలుపు మూసి ఉంటే బయటి రోడ్డు చుట్టూ తిరిగి రావాలి. తలుపు మాల్‌లో ఏ దుకాణం పక్కన ఉందో ఫోటో తీసి పెట్టుకోవడం కూడా మంచి పని. లోపల అన్ని కారిడార్లూ ఒకేలా ఉంటాయి.

ఉదయం 10 దాకా మాల్ తెరవరు అన్న ఈ ఒక్క సంగతే టిఫిన్ లెక్కను తేల్చేస్తుంది. 8 గంటలకే టూరు బస్సు ఎక్కేవాళ్లు బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటే తీసుకోవాలి, ఆ వేళకు మాల్‌లో దొరికేది దాదాపు శూన్యం. తీరిగ్గా పదిన్నరకు కదిలేవాళ్లకు అది దండగ. రెండు రేట్ల మధ్య తేడాను మనుషుల సంఖ్యతో భాగించి చూడండి. పిల్లలకు ఎన్నేళ్ల దాకా ఉచితమో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇడ్లీ, పెసరట్టు కావాలంటే రెండిట్లో ఏ మాల్ కూడా సరైన చోటు కాదు. అవి దుబాయ్‌లోనే కరామా అనే పేటలో ఉంటాయి. మినీబార్ ముట్టుకోకండి. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో పెద్ద క్యారఫోర్ సూపర్‌మార్కెట్ ఉంది. పెరుగు, పాలు, పళ్లు, లీటరున్నర నీళ్ల సీసాలు అక్కడ తెచ్చి గదిలోని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఒక జాగ్రత్త: కొన్ని హోటళ్ల ఫ్రిజ్‌లలో మినీబార్ వస్తువు కదిలిస్తే చాలు, బిల్లులో పడుతుంది. మీ పెరుగుకు చోటు చేయడానికి వాళ్ల సీసాలు జరపకుండా, ఖాళీ చేసి పెట్టమని హౌస్‌కీపింగ్‌కు చెప్పండి.

ఇక మాల్‌లో కొన్నవాటి మీద వ్యాట్ వాపసు. పర్యాటకులకే ఇది. అక్కడ నివాస వీసా ఉన్న మీ బావగారికి రాదు. దుకాణంలో బిల్లు వేసేముందే పాస్‌పోర్టు చూపించి ‘టాక్స్ ఫ్రీ’ అని చెప్పాలి. బిల్లు కనీసం 250 దిర్హంలు ఉండాలి. తిన్న భోజనానికి, హోటల్ గదికి వర్తించదు. వాపసు వచ్చేది కట్టిన వ్యాట్‌లో 87 శాతం, అందులోంచి ఒక్కో బిల్లుకు 4.80 దిర్హంలు రుసుము కింద పోతాయి. ఉదాహరణకు 1,050 దిర్హంల బిల్లు. అందులో వ్యాట్ 50. 87 శాతం అంటే 43.50. రుసుము పోగా చేతికొచ్చేది 38.70. అదే సరుకును నాలుగు దుకాణాల్లో 262.50 చొప్పున నాలుగు బిల్లులుగా కొన్నారనుకోండి. ఒక్కోదానికీ వ్యాట్ 12.50, అందులో 87 శాతం పది దిర్హంల చిల్లర, 4.80 పోతే మిగిలేది ఆరుకు కాస్త ఎక్కువ. నాలుగూ కలిపినా 24 పైచిలుకే. ఒకే దుకాణంలో దొరికేవాటిని ఒకే బిల్లు మీద వేయించుకోండి.

గది ఖాళీ చేసేది సాధారణంగా మధ్యాహ్నం 12కి. మన విమానాలు చాలావరకు రాత్రివే. సామాను బెల్‌డెస్క్‌లో, అంటే హోటల్ వాళ్లు పెట్టెలు భద్రపరిచే చోట పెట్టి చీటీ తీసుకుంటే తలుపు అవతల సాయంత్రం దాకా తిరగొచ్చు. ఈ తరహా హోటల్ చివరి రోజున బాగా అక్కరకొస్తుంది. కానీ వ్యాట్ వాపసుకు పెట్టిన సరుకును పెట్టె అడుగున పెట్టి తాళం వేయకండి. విమానాశ్రయంలో ముందు వ్యాట్ కౌంటరు దగ్గరికి వెళ్లి బిల్లులు నమోదు చేయించాలి, ఆ తర్వాతే ఎయిర్‌లైన్ కౌంటర్లో పెట్టెలు ఇవ్వాలి. సరుకు చూపించమని అడిగే అవకాశం ఉంది. పెట్టెలు బెల్టు మీద వెళ్లిపోయాక గుర్తొస్తే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆ వరసకు అదనంగా ముప్పావు గంట లెక్కేసుకుని హోటల్నుంచి బయల్దేరండి.

నమస్కారం.