‘అందువల్ల’ అని రాసే ముందు

[తెరపై: మూసీ నది, ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం]

వ్యాఖ్యాత: 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. 1920లో గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ పూర్తయింది. రెండు వాక్యాలూ నిజమే. అయినా వరదకూ చెరువుకూ సంబంధమేమిటో పాఠకుడికి తెలియదు.

[తెరపై: రెండింటి నడుమ ‘ఆ తరువాత’ వస్తుంది; అది చెరిగి ‘అందువల్ల’ పడుతుంది]

‘ఆ తరువాత’ అని రాస్తే కాలక్రమం చెప్పి ఊరుకున్నట్టు. ‘అందువల్ల’ అని రాస్తే కారణం చెప్పినట్టు. ఆధారం చూపే బాధ్యత ఇక మనదే. ఇక్కడ ఆ ఆధారం ఉంది. నిజాం ప్రభుత్వం సలహా కోరి 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించగా, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను నిలువరించాలని ఆయన సూచించారు.

ఇప్పుడు మరో జత చూడండి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. అందువల్ల 1920లో ఉస్మాన్ సాగర్ పూర్తయింది. వాక్యాలు రెండూ నిజాలే, అబద్ధమాడింది నడుమనున్న పదం ఒక్కటే. అనుసంధాన పదాల జాబితాను బట్టీపట్టి, పేరా మొదట్లో ఏదో ఒకటి తగిలించే అలవాటు నుంచే ఇటువంటి రాతలు పుడతాయి.

[తెరపై: విశ్వేశ్వరయ్య వాక్యం మళ్ళీ వస్తుంది, ‘కోరి’, ‘పిలిపించగా’, ‘కట్టి’ రంగు మారతాయి]

నిజానికి తెలుగులో ఈ పనిలో అధికభాగం అసమాపక క్రియలే, అంటే వాక్యాన్ని ముగించని క్రియారూపాలే, చేస్తాయి. పై వాక్యంలో విడి అనుసంధాన పదం ఒక్కటీ లేకపోయినా ఉద్దేశం, సందర్భం, క్రమం మూడూ క్రియల చివరలోనే తెలిసిపోయాయి. ‘చేస్తే’లో షరతు, ‘చేసినా’లో వైరుధ్యం కూడా అలాగే ఇమిడి ఉంటాయి. ‘మరియు’ సంగతి చెప్పనే అక్కరలేదు: నగరంలోని బోర్డుల మీద ‘మహిళలు మరియు వృద్ధులకు’ అని ఎంత కనబడినా, ‘మహిళలకూ వృద్ధులకూ’ అంటే రెండు దీర్ఘాలతో పని అయిపోతుంది.

‘అయితే’ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ‘వాన ఆగలేదు. అయితే మెట్రోలో వెళదాం’ అన్నప్పుడు అది ‘అలాగైతే’ అన్న అర్థం, ‘వాన ఆగలేదు. అయితే ఆట మొదలైంది’ అన్నప్పుడు ‘కానీ’ అన్న అర్థం. మాటలో గొంతు ఈ తేడాను పట్టిస్తుంది, కాగితం మీద ఆ సాయం దొరకదు. కనుక వాక్యం రెండు విధాలా చదవడానికి వీలున్నచోట ‘అయితే’ను కొట్టివేసి, షరతుకు ‘అలాగైతే’, వైరుధ్యానికి ‘అయినా’ రాయండి.